పచ్చడి చెట్టు

మొన్నొక రోజు మా జూనియరు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చాడు. పాతికేళ్ళు కూడా నిండని పిల్ల, చేతిలో ఫోను, కళ్ళకింద నిద్రలేని నలుపు. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళు నాట్లు వేస్తూ పాడుకునే పాటలు తను పాడి ఫోనులో పెడితే జనం విరగబడి విన్నారట, ఎవరో పాటల కంపెనీవాళ్ళు ఒప్పందం పంపారట, ఈవిడగారు అది చదవకుండానే ఫోనుమీద వేలితో ఒక్క నొక్కు నొక్కి ఒప్పేసుకుందట, ఇప్పుడు సొంత తమ్ముడి పెళ్ళిలో పాడిన పాట పెట్టినా గంట తిరక్కుండా ఆ కంపెనీ హక్కు పేరుతో మాయమైపోతోందట. పరిహారం సంగతి అడుగుతుందేమో అనుకున్నాను. ఆ పిల్ల అడిగింది ఒక్కటే, నా పాట ఇంకా నాదేనా మేడమ్ అని. ఎన్ని కోర్టులు చూసినదాన్నో, చేతిలో కలం పక్కన పెట్టేశాను. ఇదే ప్రశ్న ఎనభైల్లో నూజివీడులో నన్ను ఒకావిడ అడగకుండానే అడిగింది. ఆవిడే నాకు గుర్తొచ్చింది.

సినిమావాళ్ళ తగాదాలు, టీవీవాళ్ళ తగాదాలు, ఇప్పుడీ యూట్యూబు తగాదాలు నడుపుతూ నా బతుకు వెళ్ళిపోయింది కదా, ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారండీ అని కుర్ర ప్లీడర్లు అడుగుతూ ఉంటారు. మామిడి తోటలో అంటే నవ్వుతారు. నవ్వుకోనీండి. వాళ్ళకేం తెలుసు, మన కాలంలో లోకమంతా తోటలోనే ఉండేదని.

లా పూర్తిచేసి నేను నూజివీడులో మా మేనమామ దగ్గర జూనియరుగా చేరిన రోజులవి. మామయ్యకి తోటల గట్ల తగాదాలు, బోరుబావుల తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు చేతినిండా ఉండేవి. ఆడపిల్ల ప్లీడరు దగ్గరికి ఎవరొస్తారు చెప్పండి? నా నల్లకోటు చూడ్డానికి మాత్రం కోర్టు బయట టీ కొట్టు దగ్గర నలుగురు తయారుగా ఉండేవాళ్ళు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేనేమో పొద్దున్నే వెళ్ళి కూర్చుని, కనిపించిన ప్రతి చట్టం పుస్తకాన్నీ నమిలి మింగేదాన్ని. కాపీరైటు చట్టం కూడా అలా చదివిందే, దాంతో నూజివీడులో ఎవరికి పని పడుతుందిలే అనుకుంటూనే చదివాను.

అమ్మమ్మ వాళ్ళ తోట ఊరికి దగ్గర్లోనే ఉండేది. బంగినపల్లి, కలెక్టరు, చిన్న రసాలు, పెద్ద రసాలు. మీలో మా వైపువాళ్ళు ఉంటే చెప్పక్కర్లేదు గానీ, లేనివాళ్ళ కోసం చెబుతాను. మా దగ్గర తోట కాపుని పూత మీదే అమ్మేస్తారు. షావుకారు వచ్చి, చెట్టుచెట్టునీ తలెత్తి చూసి, బేరం కుదిరాక బయానా చేతిలో పెడతాడు. అంతే, ఆ క్షణం నుంచి, తొలకరి పడి తోట మళ్ళీ మన చేతికొచ్చేదాకా, ఆ కాపు ఆయనది. పాతిన చెయ్యి మనదే, నీళ్ళు పోసిన చెయ్యి మనదే, అయినా గాలికి రాలిపడిన కాయని కూడా ఆయన మనిషిని అడక్కుండా ముట్టుకోం. చిన్నప్పుడు నేనొక రాలుగాయ జేబులో వేసుకొస్తే, మా అమ్మమ్మ చెవి మెలిపెట్టి వెనక్కి పంపింది. కాగితాలూ లేవు, సాక్షులూ లేరు, బయానా అంటే బయానాయే.

ఆ తోటకి కాపలా ఉండే ఆయన భార్యని మేమందరం తోటత్త అనేవాళ్ళం. కూలీనాలీ చేసుకునేవాళ్ళనైనా వరసలు కలిపి పిలుచుకునే రోజులు కదా అవి. నన్ను చంకనేసుకుని పెంచింది, నేను లా చదివొచ్చాక కూడా పాపగారూ అనే పిలిచేది. నల్లగా, పొడుగ్గా, పెద్ద కుంకుమబొట్టుతో ఉండేది. ఇక ఆ గొంతు! కోతల రోజుల్లో షెడ్డులో కూర్చుని కాయలు ఏరుతూ, గంపల్లో వరిగడ్డి పరిచి సర్దుతూ తోటత్త పాట ఎత్తుకుంటే, చెట్టుమీద చిక్కంతో కాయలు దింపేవాళ్ళు కూడా కాస్త నెమ్మదించేవాళ్ళు. దంపుళ్ళ పాటలు, ఏలపాటలు, వియ్యపురాలిని ఎగతాళి చేసే పాటలు, అప్పటికప్పుడు అల్లేసిన పాటలు. నేను పొరపాటున అటు వెళ్తే నా నల్లకోటు మీద కూడా ఒక పాట కట్టి పాడి, షెడ్డుషెడ్డంతా నవ్వించి వదిలిపెట్టేది. అన్నిటికంటే మించి ఆవిడ జోలపాట ఒకటుండేది, వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నదట. నేను దాన్ని వింటూనే పెరిగాను, ఇప్పటికీ జ్వరమొస్తే ఆ పాటే చెవుల్లో మోగుతుంది.

మా తోట కొనే షావుకారు కొడుకు బస్టాండు దగ్గర కాసెట్ల షాపు పెట్టాడు. మీకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వీధికొక కాసెట్ల షాపు, ప్రతి టీ కొట్లోనూ ఒక టేపు రికార్డరు. ఆ ఏడు కోతలు మొదలవుతూనే ఆ అబ్బాయి టేపు రికార్డరు మోసుకుని షెడ్డుకి వచ్చాడు. తోటత్తని కూర్చోబెట్టి రెండు పూటలు పాడించుకున్నాడు, జోలపాటతో సహా. వెళ్తూ వెళ్తూ ఒక నేతచీరా, కొంత సొమ్మూ చేతిలో పెట్టి, నీ పాటలన్నీ కొనేశాను అత్తా, ఇదిగో బయానా అన్నాడట. మామిడి షావుకారు ఇంట్లో పుట్టినవాడికి ఇంకో మాట ఏం తెలుస్తుంది? పాపం, చెడ్డవాడేం కాదు. ఆ మాటతో ఏం జరగబోతోందో వాడికీ తెలీదు.

తోటత్త పాట మానేసింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. గొంతు పట్టేసిందేమో అనుకున్నారు, మిరియాల కషాయం ఇచ్చారు. దిష్టి తగిలిందని మా అమ్మమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేయించింది. అటు బస్టాండులో చూస్తే పొద్దస్తమానం ఆవిడ గొంతే, చింతలపూడి బస్సు ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు అందరూ ఆగి విని, కాసెట్ కొనుక్కుని మరీ వెళ్ళేవాళ్ళు. ఇటు షెడ్డులో మాత్రం కాయలు గంపలోకి సర్దే చప్పుడు తప్ప ఇంకేం లేదు. ఒకసారి నేనే చూశాను, టీ కొట్లో తన పాట మోగుతుంటే, అమ్మేసిన తోట పక్కనుంచి వెళ్ళే రైతులాగా తల దించుకుని గబగబా నడిచిపోయింది.

సరిగ్గా అప్పుడే వాళ్ళమ్మాయి పురిటికి వచ్చి ఆడపిల్లని కంది. తొలిచూలు. పిల్ల ఏడుపంటే మామూలు ఏడుపా, చెట్లమీది చిలకలు కూడా లేచిపోయేంత ఏడుపు. వాళ్ళమ్మాయి బతిమాలుతుంది, అమ్మా, నన్ను పెంచిన పాటే కదే, ఒక్కసారి పాడవే అని. తోటత్త మాత్రం చీరతో కట్టిన ఉయ్యాల ఊపుతూ, పెదాలు బిగబట్టి కూర్చుంటుంది. అమ్మమ్మ పంపిన వాము, శొంఠి ఇవ్వడానికి వెళ్ళిన నేను ఆ దృశ్యం చూసి ఆగలేక, ఏంటత్తా ఇది, పసిపిల్ల దగ్గర కూడా పంతమా అని కోప్పడ్డాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

"బయానా పుచ్చుకున్నాక రాలిన కాయైనా ముట్టుకుంటామా పాపగారూ? పాటలన్నీ ఆ బాబుగారివండీ ఇప్పుడు. దొంగతనంగా ఎలా పాడమంటారు?" అంది. అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడవగా నేను చూడడం అదే మొదలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకి పరిగెత్తి కాపీరైటు చట్టం తిరగేసి, నోటీసు రాసి పడేశాను, నా మొదటి నోటీసు, అందులో నేను వాడని సెక్షను లేదు. మామయ్య కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, బాగుందమ్మా, పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం, ముందు వెళ్ళి నీ పార్టీ చేత వేలిముద్ర వేయించుకురా అని నవ్వాడు. వెళ్ళాను. తోటత్త ఆ కాగితాన్ని ముట్టుకోలేదు సరికదా, బయానా తిన్న చేత్తో కోర్టు కాగితం మీద వేలు వెయ్యమంటారా పాపగారూ, మా వంశంలో లేదండీ అంది. నా చట్టం మొత్తం ఆ ఒక్క ముక్క ముందు చతికిలబడింది. పార్లమెంటు ఆవిడ పక్షాన నిలబడినా ఆవిడ తన పక్షాన నిలబడదు, ఇంకేం చేస్తాను?

దిగాలుగా ఇంటికొస్తే, ఇంట్లో ఆవకాయ హడావుడి. అమ్మమ్మ వసారాలో ఆవపిండి జల్లిస్తూ, పచ్చడి చెట్టు కాయలు దింపించమని పాలేరుని కేకేస్తోంది. పెద్ద కత్తిపీట కడిగి ఎండలో పెట్టారు, కొత్త జాడీ పక్కనే బోర్లించి ఉంది. నేను ఏదో ఆలోచిస్తూ, తోట అమ్మేశాం కదమ్మమ్మా, షావుకారుని అడిగావా అన్నాను. అమ్మమ్మ జల్లెడ ఆపి నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "పచ్చడి చెట్టుకి అడగడమేంటే? లా చదివి ఉన్న మతి పోగొట్టుకున్నావా?" అంది.

మా దగ్గర తోట అమ్మినా, ఇంటి వాడకానికి ఒక పుల్లకాయ చెట్టు బేరంలోంచి తప్పిస్తారు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. ఎంత ఆశపోతు షావుకారైనా ఆ చెట్టుకింద నిలబడి పైకి చూడడు. పుట్టిన దగ్గరనుంచీ ఆ కాయల పచ్చడే తింటున్నాను, అయినా ఆ రోజు వరకూ నా బుర్రకి తట్టలేదు. ఆవపిండి ఘాటుకో, సంతోషానికో, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి నాకు.

కోటు కూడా విప్పకుండా, ఆ మండుటెండలో షావుకారు కొట్టుకి వెళ్ళాను. ఆయన గంపల మధ్య విసనకర్రతో విసురుకుంటూ, ఏంటమ్మా, కోటేసుకునే వచ్చావు, మీ అమ్మమ్మగారితో నాకు తగాదా ఏంటమ్మా అని హాస్యమాడాడు. తగాదా లేదండీ, మా తోటలో పచ్చడి చెట్టు మీ కొనుగోలులో ఉందో లేదో కనుక్కుందామని అన్నాను. ఆయన విసనకర్ర ఆగిపోయింది. శివశివా, ఎంత మాట, దానిమీద చెయ్యేస్తే నన్ను మనిషంటారా అన్నాడు. అప్పుడు చెప్పాను, మీ అబ్బాయి ఒక తోట కొన్నాడండీ, అందులో పచ్చడి చెట్టు కూడా పోయింది, దానికింద ఒక పసిపిల్ల ఏడుస్తోంది అని. మొత్తం చెప్పాను. కొడుకుని పిలిపించాడు. నేనేం పాడొద్దనలేదు నాన్నా, ఆవిడే మానేసింది, మానేసినా మన కాసెట్‌కి మంచిదే కదా అన్నాడు వాడు. పెద్దాయన కండువా తీసి ముఖం తుడుచుకుని, చెప్పులేసుకుని, పద అన్నాడు.

తండ్రీకొడుకులిద్దరూ స్కూటరు మీద తోటకి వచ్చారు, వెనకాల రిక్షాలో నేను. కొన్నవాళ్ళ నోటినుంచే ఆ మాట రావాలని ఆయనకి తెలుసు, ప్లీడరు చెబితే చెల్లదు. పాక ముందు, ఉయ్యాలకి ఇవతల నిలబడి, జోలపాట పచ్చడి చెట్టమ్మా, అది మా బేరంలో లేదు, ఎప్పుడూ లేదు, అన్నాడు. మిగతా పాటలు మాత్రం ఈ కాపు వరకే మావాడివి, తొలకరి పడ్డాక తోట ఎవరిదో నీకు నేను చెప్పాలా అని కూడా అన్నాడు. ఆయన గొంతులో సిగ్గు వినిపించింది నాకు. కొడుకు తల వంచుకున్నాడు. తోటత్త ఇద్దరికీ దండం పెట్టి, ఉయ్యాల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. మొదటి చరణం మెల్లగా ఎత్తుకుంది, రెండోది సాగింది, ఆ తర్వాత తోటంతా నిండిపోయింది. పిల్ల ఏడుపు ఎప్పుడు మానిందో మేమెవరం చూడలేదు. పెద్దాయన ఎండలో అలాగే నిలబడి చివరిదాకా విన్నాడు.

తొలకరి పడ్డ రోజున తోటత్త మా వాకిట్లోకి తడుస్తూ వచ్చి, నా నల్లకోటు పాట పెద్ద గొంతుతో పాడి వెళ్ళింది. ఫీజు అన్నమాట.

ఆ తర్వాత నేను హైదరాబాదు వచ్చేశాను. ఎందరో గాయకులకి, రచయితలకి ఒప్పందాలు రాశాను, అన్నిట్లోనూ వాళ్ళ సొంతానికని కొంత విడిచిపెట్టే ఒక చిన్న షరతు పెట్టేదాన్ని, మా జూనియర్లు దాన్ని పచ్చడి చెట్టనే పిలుస్తారు. పోను పోను కంపెనీల వాళ్ళు మొదట ఆ షరతునే కొట్టేయడం మొదలుపెట్టారు. తోటత్త లేదు, షావుకారు లేడు, ఆ బస్టాండు కాసెట్ల షాపూ లేదు. పోనీండి, కాలం మారుతుంది, కాదనను. కానీ నాకు దిగులెక్కడంటే, అప్పుడు నేను కోటేసుకుని వెళ్ళి అడగడానికి ఎదురుగా ఒక మనిషి కూర్చుని ఉండేవాడు, ఆయనకి సిగ్గనేది ఉండేది. ఇప్పుడు ఈ పిల్ల కోసం ఎవరి కొట్టుకి వెళ్ళను? రాసిన ఉత్తరానికి జవాబు కూడా మనిషి ఇవ్వడం లేదు, కంప్యూటరే ఇస్తోంది.

కేసు తీసుకున్నాను లెండి, ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండడం తగ్గలేదు. కాగితాలు సర్దుకుని లేవబోతున్న ఆ పిల్లని, ఏదీ అమ్మా, నీ పాట ఒక్క ముక్క పాడు, విందాం అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగింది. గొంతు సవరించుకుంది. అంతలో ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, లేచి వెళ్ళి, గది తలుపు గడియ వేసి వచ్చి, అప్పుడు పాడింది.