ఏరు అన్న ఒక్క మాట

ముందే చెప్పేస్తున్నాను, నేను ఉన్నదున్నట్టు చెప్పే మనిషిని కాను. పది మంది వస్తున్నారని నేను కబురు పంపితే మా ఇంటావిడ ముగ్గురికే టీ పెడుతుంది. పాతికేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆవిడ గిన్నెలో టీ తక్కువ పడలేదు, మిగలనూ లేదు. కాబట్టి మీరు కూడా నేను చెప్పేదాంట్లో మూడో వంతు ఉంచుకుని తక్కింది గాలికి వదిలేయండి, నేనేమీ అనుకోను.

మొన్న జగదల్‌పూర్‌లో పని ముగించుకుని, బస్సుకింకా వేళ ఉందని జడీబూటీలు, అదే మూలికలు, అమ్మే ఒక దుకాణంలోకి అడుగు పెట్టాను. పేరుకే జడీబూటీలు గాని లోపల చూస్తే అద్దాల బీరువాలూ, వెన్నులో వణుకు పుట్టించే ఏసీ మిషనూ, నా మొహం నాకే కనపడేంత నున్నటి నేలా. ఒక డబ్బా మీద బస్తర్ అడవుల్లోని కీళ్ళవాతం మందు అని రాసి, తలపాగా చుట్టిన ముసలాయన బొమ్మ ఒకటి వేశారు. ఆయన గడ్డం పత్తితో ఇద్దరు హాయిగా పడుకునే పరుపు కుట్టొచ్చు. డబ్బా వెనక్కి తిప్పితే వాడే విధానం మూడు భాషల్లో ఉంది: గోరువెచ్చని నీళ్ళతో వాడవలెను. అది చదివి నేను పగలబడి నవ్వితే దుకాణదారు ‘క్యా హువా భాయ్‌సాబ్’ అంటూ లేచి నిలబడ్డాడు. ఏమని చెప్పను ఆయనకి? ఆ ఒక్క ముక్క ముప్ఫై ఏళ్ళ కింద ఎవరైనా మా నాయనకి అచ్చేసి ఇచ్చి ఉంటే, మా అమ్మ నలభై పొద్దులు శబరి ఏట్లో కూర్చోవలసి వచ్చేది కాదు.

మాది బస్తర్ కొసన కొంటా. శబరి ఒడ్డున ఊరు, అవతలి ఒడ్డు ఒడిశా. నాయనకి బజారులో కొట్టు ఉండేది. అడవిలోంచి ఇప్పపువ్వూ చింతపండూ వచ్చేవి, కొట్లోంచి ఉప్పూ బెల్లమూ చీరలూ వెళ్ళేవి. ఆ కొట్టు గల్లా దగ్గర కూర్చుని నాయన పదకొండు భాషలు మాట్లాడేవాడు. సరే, నాలుగు. కాని నాలుగింటిలోనూ ఒకేసారి కోప్పడగలిగేవాడు, అది మాత్రం అచ్చమైన నిజం.

అమ్మ చేతుల గురించి చెప్పాలి. ఒకప్పుడు ఆ చేతులు రోట్లో గోంగూర నూరుతుంటే వాసనకి ఒడిశా వైపు నుంచి పడవలు దారి తప్పి మా రేవుకు వచ్చేవి. అలాంటి చేతులకి కీళ్ళవాతం వచ్చింది. మామూలు వయసు నొప్పులు కావు. రెండు చేతులకీ, రెండు పాదాలకీ ఒకేసారి పట్టుకుని, కణుపులన్నీ అల్లం కొమ్ముల్లా వాచి, పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోతే ఎండ వాకిట్లోకి వచ్చి, వాకిలి దాటి వీధిలోకి జరిగేదాకా పిడికిలి పట్టేది కాదు. జడ వేసుకోవడం పోయింది, గాజు మార్చుకోవడం పోయింది, లేచి నడవడమూ పోయింది. ఏడాది పాటు ఆవిడ గడప దాటలేదు.

అవన్నీ ఒక ఎత్తు, అన్నం ఒక ఎత్తు. ఆవిడ ముద్ద కలపలేదు, మేం కలిపి పెడతామంటే ఒప్పుకోదు. ‘ఒకరి చేత్తో తినేది ఇద్దరే. పాలు మరిచిన పిల్లలు, పోయేముందు ముసలోళ్ళు. నేను రెండిట్ల ఏందో చెప్పుండ్రి’ అని నిలదీసేది. గిన్నెని రెండు మణికట్ల మధ్య ఇరికించుకుని తాగగలిగిందే తిండి అయిపోయింది, జావా, మజ్జిగా, చారులో పిసికిన నాలుగు మెతుకులూ. చీర కుచ్చెళ్ళు నెలనెలా పెరుగుతూ వచ్చాయి. ఆవిడ ఇలాగే కరిగిపోతుందని మాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, అయినా నోరు తెరవదు.

ఆవిడ నడక పోకముందే జగదల్‌పూర్‌లో డాక్టరుగారికి చూపించాం. ఆయన మంచివాడు, ఓపిగ్గా చూసి ‘గఠియా’ అన్నాడు. హిందీలో ఈ జబ్బుకి అదే పేరు. కాని మా కొట్లో గాఠియాలంటే శనగపిండితో చేసిన కారప్పూస లాంటి చిరుతిండి. అది తినడం వల్లే ఇది వచ్చిందనుకుని నాయన ఆ సాయంత్రమే డబ్బా మొత్తం ఎత్తించి గోదాములో పెట్టించాడు. గోలీలతో నొప్పి కాస్త మెత్తబడింది గాని వేళ్ళు మాత్రం మూసుకోలేదు, టైము పడుతుందన్నారు. అమ్మ చీర కుచ్చెళ్ళకి అంత టైము ఉన్నట్టు మాకు కనపడలేదు.

అప్పుడు మా మేనమామ ఒక కబురు తెచ్చాడు. మరైగూడ దాటి అడవిలోకి వెళితే దోర్ల ఆదివాసీల పల్లె ఒకటి ఉందనీ, అక్కడి వడ్డె కీళ్ళకి మందిస్తాడనీ. దోర్లల్లో దేవుడి పనీ మందు పనీ రెండూ చూసే పెద్దని వడ్డె అంటారు. నాయనా మామా నేనూ అమ్మని జీపులో కూర్చోబెట్టి బయలుదేరాం. ఆ జీపులో ముప్ఫై రెండు మందిమి, ఆరు మేకలు, ఒక డ్రైవరు. డ్రైవరుకి లోపల చోటు చాలక తలుపుకి వేలాడుతూ నడిపాడు. జీపు ఆగిపోయిన చోటు నుంచి మామా నేనూ అమ్మని చెక్క కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి రెండు వెదురు గడలు కట్టి, భుజాల మీద మోశాం. ఆ అడవి ఎంతటిదంటే, మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఎండ కిందికి దిగడానికి ఎవరినో అనుమతి అడుగుతున్నట్టుండేది. ఏడాది తర్వాత ఆకాశం చూసిన మా అమ్మ కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరుచుకుని పైకే చూస్తూ వచ్చింది. నేనంత అడవినీ చూడలేదు, అంతసేపు అమ్మ మాట్లాడకుండా ఉండడమూ చూడలేదు.

వడ్డె బక్కపలచటి మనిషి. గడ్డం మాట దేవుడెరుగు, మీసమే సరిగా లేదు. అమ్మ చేతిని తన అరచేతిలో పెట్టుకుని, గాయపడిన పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని ఒక్కో కణుపూ తడిమి చూశాడు. అంతకుముందు చూసిన ప్రతివాళ్ళూ నాయన వైపు తిరిగి ఎక్కడ నొప్పి అని అడిగారు. ఈయన అమ్మనే అడిగాడు. ‘ఏం చెయ్యలేకపోతున్నవక్కా?’

అమ్మ తల దించుకుని, ‘అన్నం కలుపుకోలేకపోతున్న తమ్ముడా’ అంది. ఏడాదిగా మాకెవరికీ ఆ మాట అంత నెమ్మదిగా చెప్పలేదు.

ఆయన ఏదో చెట్టు బెరడూ వేరూ దంచి ముద్ద చేసి ఆకుల్లో కట్టిచ్చాడు. ‘దవాఖాన గోలీలు ఆపొద్దు సావుకారీ. అవి లోపటికి, ఇది పైకి. పొద్దుగాల మందు పూసి కాళ్ళు చేతులు ఏరుల పెట్టాలె, పొద్దు మూరెడు ఎక్కేదాక. నలభై దినాలు’ అని నాయనకి చెప్పాడు.

మా కొంప ముంచిన మాట అదే. దోర్లీలో ఏరంటే నీళ్ళు, అంతే. ఇది నాయనకి తెలియక కాదు. ముప్ఫై ఏళ్ళుగా దోర్లీలోనే ఉప్పు అమ్మినవాడు. కాని ఆ పెద్దమనిషి మమ్మల్ని గౌరవించి మాతో తెలుగు మాట్లాడుతున్నాడు, మధ్యలో ఒక్క మాట తన ఇంటి మాట దొర్లింది. నాయన దాన్ని తెలుగు ఏరే అనుకున్నాడు. పైగా దారంతా, ‘పాపం, ఏట్లో అనాలె, ఏరుల అంటున్నడు, వ్యాకరణం రాదు’ అని జాలిపడుతూ వచ్చాడు. వేడినీళ్ళని వడ్డె విడిగా చెప్పలేదు, ఎందుకంటే మందు పూసిన కీళ్ళని చన్నీళ్ళలో పెట్టే తెలివితక్కువ వాళ్ళు ఉంటారని ఆయనకెప్పుడూ తోచి ఉండదు.

మర్నాడు తెల్లవారగానే కుర్చీతో సహా అమ్మని శబరిలో దింపాం. ఆ కేకకి ఒడిశా ఒడ్డున కొంగలన్నీ లేచిపోయాయి. కొన్ని ఇంకా తిరిగి రాలేదు. రెండో రోజు సగం కేక. నాలుగో రోజు అమ్మ నోట్లోంచి కేకకి బదులు ‘ఏమే, ఆ చీర అట్ల బాదితే అంచు మిగులుతదా’ అన్న మాట వచ్చింది. రేవులో బట్టలుతికే ఆడవాళ్ళందరూ ఆవిడ చుట్టూ చేరారు. దోర్లీలో ఒకావిడ కబురు మొదలుపెడితే హల్బీలో ఇంకొకావిడ అందుకుని, ఒడియాలో ఒకావిడ తప్పని కొట్టేస్తే, అమ్మ తెలుగులో తీర్పు చెప్పేది. తెల్లటి పొగమంచు నీళ్ళ మీద లేస్తూ, దాని మధ్య మోకాళ్ళ దాకా ఏట్లో మునిగి, మహారాణిలా చెక్క కుర్చీలో అమ్మ. గడ్డకట్టిన కాళ్ళతో పక్కనే నిలబడి నేను ఆవిడనే చూస్తుండేవాణ్ణి. ఇంట్లో మూలన ముడుచుకున్న మనిషి ఈవిడేనా అనిపించేది.

మూడు వారాలు గడిచాయి. సంత రోజున వడ్డె ఊళ్ళోకి వచ్చి, రేవులో ఈ వైభవం చూసి, భుజం మీది కావడి అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చాడు.

‘సావుకారీ! అక్కనెందుకు ఏట్ల ముంచినవ్?’

‘నువ్వే గదా ఏరుల పెట్టమన్నవ్!’ అన్నాడు నాయన.

‘నేను మా ఏరు చెప్పిన, నీ ఏరు కాదు! ఏరంటే నీళ్ళు. పొయ్యి మీద కాగిన నీళ్ళు!’

మామ కుర్చీ గడ వదిలేసి, ‘బావా, పదకొండు భాషలొచ్చిన మొనగాడివి. ఒక్క మాట కాడ మా అక్కను నదిల కలిపినవ్ గదయ్యా’ అన్నాడు. నాయన మొహం చూడలేకపోయాను. జీవితంలో మొదటిసారి ఆయన నాలుగు భాషల్లోనూ ఊరుకున్నాడు. నీళ్ళలోకి దిగి, అమ్మ కాళ్ళు పైకెత్తి తన ధోవతితో తుడవడం మొదలుపెట్టాడు.

అమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంది. ‘మీ ఏరుల పంచాయితీ నాకెందుకు? ఇంటికాడ ఆ వేడినీళ్ళేందో పెట్టుండ్రి. ఆనక నన్ను ఈడికే తేవాలె. ఈ ఉతికే పిల్లను దీని అత్త ఏమన్నదో రేపు చెప్తనన్నది. కత మధ్యల వదిలిపెట్టి పోతనా?’

వడ్డె ఆవిడకి, గుట్ట మీద దేవుడికి దండం పెట్టినట్టు చేతులు జోడించి, కావడి ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే పొయ్యి మీద దోర్ల ఏరు, ఆ తర్వాత రేవులో తెలుగు ఏరు. రెండూ జరిపాం.

నలభయ్యో రోజు సన్నగా జల్లు పడుతోంది. రేవులో ఎవరూ లేరు, మేము నలుగురమే. నాయన ఇంటి నుంచి విస్తరాకులో అన్నం, పప్పు తెచ్చాడు. అమ్మ దాన్ని ముందు పెట్టుకుని, తన చేత్తో ముద్ద కలుపుకుని తింది.

ఆ తర్వాత ఆవిడ పద్దెనిమిదేళ్ళు బతికింది. వేళ్ళ వంకర పోలేదు. కొత్త డాక్టర్లు, కొత్త గోలీలు వచ్చి నొప్పిని అదుపులో పెట్టాయి, ఆలస్యంగానైనా చేతులు కొంత వాడుకలోకి వచ్చాయి. బెరడు పనిచేసిందా, గోలీ పనిచేసిందా, ఏరు పనిచేసిందా అంటే, పనిచేస్తే ఏ ఏరు అని మామ ఇప్పటికీ అడుగుతాడు.

ఇప్పుడు ఆ రేవుకి ఎవరూ రారు. ఇంటింటికీ కుళాయి వచ్చింది, మంచిదే. మా వీధి పిల్లలు నీళ్ళని పానీ అంటారు, శబరిని నదీ అంటారు. నాయన చేసిన పొరపాటు ఇక ఈ ఊళ్ళో ఎవరూ చేయలేరు. అందుకు సంతోషించాలో ఏం చేయాలో తెలియక ఒక్కోసారి ఒడ్డున అలా నిలబడి వస్తుంటాను.

ఇక మొదట్లో చెప్పిన ఆ మూడో వంతు లెక్క నేనే తేల్చాలి. జీపులో ముప్ఫై రెండు మంది ఉండకపోవచ్చు, కొంగలు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చి ఉండొచ్చు. అవి ఉబ్బించిన సంగతులే గాని లేనివి కావు. లేనిది నేను పుట్టించింది ఒక్కటే, ఆ ముద్ద. అమ్మ కలపబోయింది. వేళ్ళు అన్నంలోకి దిగాయి, మూసుకోలేదు. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ. జల్లు అన్నంలో పడుతోంది. నాయన ఆకు ముందు కూర్చుని, తాను కలిపి ఆవిడ నోటి దగ్గర పట్టుకున్నాడు. మామా నేనూ ఏటి వైపు తిరిగి నిలబడ్డాం. ఎంతసేపటికో వెనక నుంచి, ‘ఇంత పెద్దదేంది, నేనేమన్న ఎద్దునా? చిన్నగ చెయ్’ అన్న గొంతు వినపడింది. నేను తిరిగి చూడలేదు. మామ మొహం జల్లుకి తడిసిందనుకున్నాను.

ఇంటికి మోసుకొస్తుంటే అమ్మ కుర్చీలోంచి వంగి నా చెవిలో, ‘ఎవరన్న అడిగితే నా చేత్తో నేనే తిన్ననని చెప్పు. నీ నోట అబద్ధం రాదని ఊరందరికి తెలుసు, నమ్ముతరు’ అంది. అప్పటికి ఆ మాట నిజమే.

మొదట అడిగింది పక్కింటి పెద్దమ్మ. నాలుగు ముద్దలు తిందని చెప్పాను. వీధి చివరికి వెళ్ళేసరికి అవి పన్నెండయ్యాయి.