హ్యాండ్ ఇవ్వడమంటే

మా పెద్దమ్మ పరాయి దేశంలో ఓ బేకరీలో పనికి చేరిన మొదటి రోజే ముఖం వేలాడేసుకుని ఇంటికొచ్చింది. యజమాని అయిన ముసలాయనకు ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. పిండి బస్తా ఎత్తబోతూ ఆయన "గివ్ మీ ఎ హ్యాండ్" అన్నాడట. మన కుర్రకారు భాషలో హ్యాండ్ ఇవ్వడమంటే నమ్మించి ముంచడమే కదా. నాకు హ్యాండిస్తావా అంటూ చేరీ చేరగానే తనను అనుమానించాడని ఆవిడ బాధ.

మా పెదనాన్న కడుపుబ్బ నవ్వి, ఆయన అడిగింది సాయమని విడమరిచి చెప్పాడు. పెద్దమ్మ నవ్వలేదు. మర్నాడు అందరికంటే ముందు వెళ్లి బస్తాకు ఓ వైపు తనే పట్టింది.

అప్పటినుంచి ఆ మాట వెంటపడింది. గడియారం ముల్లు కూడా హ్యాండేనట. ఆటలో చేతికొచ్చిన పేకముక్కలు కూడా హ్యాండేనట. పనివాళ్లనూ హ్యాండ్స్ అంటారని తెలిసిన రోజు మాత్రం ఆవిడకు ఒళ్లు మండింది.

"చేతులొక్కటేనా మాకు? కడుపు లేదా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో ముసలాయన్ని నిలదీసింది.

ఆయన మర్నాటినుంచి పనివాళ్లందరికీ పొద్దున్నే వేడి రొట్టె పెట్టించాడు. పెద్దమ్మ దగ్గర నాలుగు తెలుగు ముక్కలు కూడా నేర్చుకోవడం మొదలుపెట్టాడు.

కొన్నేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక బేకరీ మూతపడ్డట్టేనని తక్కినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. ఆయనా చేతులెత్తేశాడు. పెద్దమ్మ మాత్రం కదల్లేదు. బస్తాలు మోయడానికి పెదనాన్నను లాక్కొచ్చింది. పిండి కలపడం, ఓవెన్ చూడడం తనే నెత్తినేసుకుంది. ముసలాయన్ని కూడా ఇంట్లో ఉండనివ్వక, బల్ల ముందు కూర్చోబెట్టి ఎడమచేతి దగ్గర పిండిముద్ద పెట్టింది.

"నా వల్ల కాదమ్మా," అన్నాడాయన తెలుగులోనే.

"కాకపోతే కాకపోనివ్వండి. ముందు పిసకండి."

ఎన్నోసార్లు ఆయన విసుగెత్తి ముద్దను కింద పడేశాడు. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా ఇంకో ముద్ద పెట్టేది. చివరికో రోజు రొట్టె లాంటిదొకటి తయారైంది. ఒక పక్క ఉబ్బి, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. ఆయన సిగ్గుపడి దాచేయబోతే, పెద్దమ్మ లాక్కుని కాల్చి అద్దాల బీరువాలో అన్నిటికంటే ముందు పెట్టింది. ఎవరో అడిగితే అది అమ్మేది కాదని చెప్పేసింది.

కొట్టు కట్టేశాక ముగ్గురూ దాన్ని కోసుకుని తిన్నారు. లోపల కాస్త పచ్చిగా ఉందన్నాడు ముసలాయన. కాల్చింది తనే కాబట్టి ఆ తప్పు తనదేనని ఒప్పుకుంది పెద్దమ్మ.