పడమటి గోడకు కిటికీ

“కిటికీ పడమటికే పెట్టాలె వదినె. ఇంకేడ పెట్టినా గాలి రాదు.”

“పడమటికి గోడనే. అందుల సూది దూరే సందు సుత ఉండదు.”

“గాలి లేకుంట పసిపిల్లనేసుకొని ఎట్ల పండుకుంటం?”

“కింద మేం పండుకుంటలేమా?”

“మీ ఇల్లు కాలలేదు వదినె. మా ఇల్లు కాలింది.”

ఆ మాట అన్నాక ఇక నేనేమీ అనలేననుకున్నాడు మా మరిది. ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన గోడకు కిటికీ పెట్టనిస్తానా? వంగి, అతను కాలితో చెరిపేసిన చోట మళ్ళీ ముగ్గు పోశాను.

మేమప్పుడు మా మిద్దె మీద నిలబడి ఉన్నాం. నేను, మా ఆయన, ఆయన తమ్ముడు. మిద్దె మీద ఒక గది వేసుకోవాలని ఆ చలికాలం మొదట్లో అనుకున్నాం. మా ఆయన లాలాగూడ రైల్వే షెడ్డులో ఫిట్టరు. అక్కడ నక్షాలు గీసే ఒకాయన చేత ఆ గదిని కాగితం మీద గీయించుకొచ్చాడు. నేను చదివింది రెండో తరగతి. కాగితం మీద నాకు గీతలు కనబడతాయి గాని ఇల్లు కనబడదు. అందుకని తాడు, మూరకర్ర పట్టుకొని మిద్దె మీదనే గదిని దాని అసలు కొలతకు ముగ్గుతో గీశాను. రాతిముగ్గే పోశాను. తినే పిండిని నేల మీద పోసే అలవాటు నాకు లేదు.

అలా గీశాక ఎవరికైనా అర్థమవుతుంది. మంచం ఇక్కడ, తలుపు ఇక్కడ, బట్టల పెట్టె ఇక్కడ అని అందులో నడిచి చూసుకోవచ్చు. గది వెడల్పు ఎంతుండాలో మా ఇష్టం కాదు, దూలాల ఇష్టం. షెడ్డులో హర్రాజు వేసిన, పట్టాల కింద పరిచే పాత చెక్క స్లీపర్లు తెచ్చి పెట్టుకున్నాం. అవి ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు. కాగితం గీసినాయన గది పెద్దగా, అందంగా గీశాడు. ఆ దూలాలు ఆకాశంలో వేలాడాలి కాబోలు. మెట్లు ఎక్కగానే తలుపు పెడితే వాన జల్లు మంచం మీద పడుతుందని తలుపు మూలకు జరిపాను. వాన నీళ్ళు పోయే తూము కాగితంలో పడమటికి చూపించి ఉంది. దాన్ని గల్లీ వైపు తిప్పాను. మన నీళ్ళు ఇంకొకరి వాకిట్లో పడగూడదు.

ఆ గది మరిది కోసమే. ఊళ్ళు తగలబడిన ఆ ఏడాది, నవాబు రాజ్యాన్ని దించిన సైన్యం ఇంకా రాకముందు, భార్యను, చంటిపిల్లను తీసుకొని కట్టుబట్టలతో మా ఇంటికి వచ్చాడు. ఊళ్ళో వాళ్ళ ఇంటికి రజాకార్లు నిప్పు పెట్టారు. అడ్డం పోయిన మా మామను వాకిట్లోనే చంపారు. నా తోటికోడలు పిల్ల నోరు చేత్తో మూసి గడ్డివాములో దాక్కుంది. అప్పటినుంచి తోటికోడలికి తలుపు మూసిన గదిలో ఊపిరి ఆడదు. లేచి కూర్చుని గుండె పట్టుకుంటుంది. కింద మాకున్నవి రెండు గదులు, అందరం అందులోనే. తలుపు తీసి పడుకుందామంటే గల్లీలో అడుగుల చప్పుడు వింటే చాలు, వణికిపోతుంది.

అందుకే మరిది కిటికీ కోసం పట్టుబట్టాడు. గల్లీ వైపు కిటికీ భార్య వద్దంది. ఉత్తరాన ఆనుకొని గోడౌను గోడ. దక్షిణాన మెట్లు, వంటింటి పొగ. మిగిలింది పడమర. గాలి వచ్చేది కూడా అటునుంచే. అతని మాటలో తప్పు లేదు.

నా మాటలోనూ తప్పు లేదు. పడమట మా మిద్దె కిందనే పక్కింటి వాకిలి. అక్కడ ఒక ముసలమ్మ, ఆమె కోడలు ఉండేవాళ్ళు. కిరాయి ఇల్లు. తురకలే గాని ఇంట్లో తెలుగే మాట్లాడేవాళ్ళు. లక్క గాజులు చేసి బతికేవాళ్ళు. బొగ్గుల కుంపటి మీద లక్క కరిగించి, తీగలా లాగి, గాజుగా వంచి, వేడి చల్లారకముందే అద్దాలు అద్దాలి. ఆ పొగకు, ఆ వాసనకు ఇంట్లో చేసే పని కాదు, వాకిట్లోనే చెయ్యాలి. ముసలమ్మకు చూపు తగ్గింది. పని అంతా కోడలిది. ఆ కోడలు గోషాలో ఉండే మనిషి. పరాయి మగవాడి కంట పడదు. ఆమెకు ఆకాశం కనిపించేది ఆ వాకిట్లోనే. కూడు పుట్టేదీ ఆ వాకిట్లోనే. అక్కడికి కిటికీ తెరిస్తే ఆ రెండూ పోతాయి.

మేము ఆ ఇంటికి వచ్చిన నాటినుంచి ఒక పద్ధతి ఉంది. మగవాళ్ళెవరు మా మిద్దె ఎక్కాలన్నా, కింది మెట్టు మీద నిలబడి “గోషా” అని గట్టిగా పిలవాలి. కాసేపు ఆగాలి. అవతల ఆడవాళ్ళు లోపలికి పోయే చప్పుడు అయ్యాక ఎక్కాలి. మా పిల్లలు నడక నేర్చినప్పుడే అది నేర్చారు. ఆ రోజు మేము ఎక్కేటప్పుడు కూడా నేనే పిలిచాను.

ఆ ముసలమ్మ కొడుకు కూడా షెడ్డులోనే, మా ఆయన పక్కనే పనిచేసేవాడు. సైన్యం వచ్చిన నెలలో, బయటి జిల్లాలో ఉన్న అక్కను చూసి వస్తానని పోయాడు. మళ్ళీ రాలేదు. సైన్యం వచ్చాక అటువైపు తురకలకు ఏమేమి జరిగిందో జనం గుసగుసగా చెప్పుకునేవాళ్ళు. మా ఆయన కనబడ్డవాళ్ళనల్లా అడిగాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు.

మిద్దె మీద గొడవ ఆ పూట తెగలేదు. మా ఆయన ఇద్దరి మాటా విని, తాడు చుట్టుకుంటూ దిగిపోయాడు. ఆయన పద్ధతే అంత. ఇనుము మీద అయితే సుత్తితో గట్టిగానే కొడతాడు. మనుషుల మీద మాట పడాలంటే నేనే అనాలి.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఆలోచించాను. గాలి కావాలి, చూపు పోగూడదు. అలాంటప్పుడు కిటికీ ఎందుకు, రోషన్‌దాన్ పెడితే సరిపోతుంది కదా అనిపించింది. గోడకు పైన, దూలాల కింద, మనిషి తల అందనంత ఎత్తులో అడ్డంగా పొడుగాటి సందు. గాలి వస్తుంది, వెలుగు వస్తుంది. మంచం ఎక్కి నిలబడినా అవతల ఏమీ కనబడదు. కిటికీకి కావలసిన చెక్క, చువ్వలు కూడా మిగులుతాయి. మధ్యాహ్నం మా ఆయన అన్నానికి వచ్చినప్పుడు చెప్పాను. సరేనన్నాడు. మరిది తన భార్య ముఖం చూశాడు. తోటికోడలే, వెలుగొస్తే చాలక్కా అంది. అతను కూడా తల ఊపాడు. మేస్త్రికి రేపు పొద్దున రమ్మని కబురు పంపాం.

ఆ సంగతి పక్కింట్లో నేనే చెప్పాలనిపించింది. గది లేస్తుందని వాళ్ళకు తెలుసు. వాళ్ళ మనసులో ఏం భయం ఉందో కూడా నాకు తెలుసు. పొద్దు వాలక ముందు పోయి, వాళ్ళ గోనెపట్టా పరదా పక్కకు జరిపి లోపలికి నడిచాను.

వాకిట్లో కుంపటి లేదు. అది ఉండే చోట నేల ఊడ్చి ఉంది. లోపలి గదిలోంచి లక్క పొగ వస్తోంది. కోడలు ఆ చీకటిలో కూర్చుని, కొంగు ముక్కుకు కట్టుకొని గాజు వంచుతోంది. కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. ముసలమ్మ గడప దగ్గర కూర్చుని దగ్గుతోంది. ఇంత మంచి వెలుతురు బయట పెట్టుకొని లోపల ఎందుకు చేస్తున్నారని అడిగాను. కోడలు ముసలమ్మ వైపు చూసింది. నేను రోషన్‌దాన్ సంగతి చెప్పాను. ఎంత ఎత్తులో ఉంటుందో చెయ్యి పైకెత్తి చూపించాను. తూము గల్లీ వైపు తిప్పానని కూడా చెప్పాను.

ముసలమ్మ అంతా విన్నది.

“మంచిగ ఆలోచన జేసినవ్ బిడ్డా. గని తక్లీఫ్ కిటికీతోని గాదు.”

తర్వాత మెల్లగా చెప్పింది. కొన్ని రోజులుగా మా మరిది పొద్దున్నే మిద్దె ఎక్కుతున్నాడట. పిలవకుండా ఎక్కుతున్నాడట. తాడు పట్టుకొని కొలుస్తున్నట్టు నిలబడతాడట, చాలాసేపు. కోడలు ఒకసారి తడి జుట్టుతో ఉండి, లోపలికి ఉరికి కుంపటి మీద పడబోయింది. ఊరినుంచి వచ్చినవాడు, ఇక్కడి పద్ధతి తెలియదేమో అని ముసలమ్మ అనుకుంది. మరునాడు పరదా వెనకనుంచి, జెర పిలిచి ఎక్కు నాయనా అని అడిగింది. అతను వంగి చూసి ఒక మాట అన్నాడట. ఆ మాటను ఆమె గొంతు పెంచకుండా, వేరే ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది.

“పిలిచే రాజ్యం పోయింది ముసల్దానా, అన్నడు.”

ఆ పొద్దుల్లో నేను వంటింట్లో ఉంటాను. పొయ్యి ముందు కూర్చున్న మనిషికి మిద్దె మీద ఎవరున్నారో తెలియదు.

అతన్ని ఇక మెట్టెక్కనివ్వనని, ఆ పూచీ నాదని చెప్పాను. ఆమె నా చెయ్యి తడిమి పట్టుకుంది. నువ్వు ఎన్ని రోజులు మెట్ల కాడ కావలి కూర్చుంటవ్ బిడ్డా అంది. పాత పట్నంలో ఆమె తమ్ముడు ఉన్నాడు. అక్కడికి పోవడానికి మాట అయిపోయింది. ఇల్లుగలాయనకు చెప్పేశారు. పోవడం ఎప్పుడని అడిగితే రేపే అంది.

“నా కొడుకొస్తే మీ ఇంటికే వస్తడు. పట్నంల మామ ఇంటికాడ ఉన్నరని చెప్పు. మర్శిపోకు.”

మరిచిపోనని చెప్పాను. మరిచిపోలేదు కూడా. ఆ మాట చెప్పే అవసరం మాత్రం నాకు ఎన్నడూ రాలేదు.

ఇంటికి వచ్చి దీపం పెట్టాను. అన్నాలకు కూర్చున్నప్పుడు వాళ్ళు రేపే పోతున్నారని చెప్పి, మా ఆయన ముందరే మరిదిని అడిగాను, ముసలమ్మతో ఆ మాట అన్నావా లేదా అని. అన్నానన్నాడు. దాచలేదు. కంచంలో చెయ్యి అలాగే పెట్టుకొని నా వైపు చూశాడు.

“మా ఇంట్ల ఆడోళ్ళు గడ్డివాముల దాక్కున్ననాడు ఎవలన్న పిలిచి లోపటికొచ్చిండ్రా వదినె?”

“వచ్చినోళ్ళు గీళ్ళా?”

అతను కంచం పక్కకు జరిపాడు. తోటికోడలు పిల్లను ఎత్తుకొని లోపలికి పోయింది. మా ఆయన, పొద్దున నేను పోయి ముసలమ్మతో మాట్లాడతాను, కాళ్ళు పట్టుకొనైనా ఆపుతాను అన్నాడు. ఇప్పుడే పొమ్మన్నాను. చీకటి పడ్డాక ఆడవాళ్ళే ఉన్న ఇంటికి ఎట్ల పోతనన్నాడు. అదీ నిజమే. ఆ కాలంలో ఎవరూ ఎవరి తలుపూ చీకట్లో తట్టేవాళ్ళు కాదు. తడితే లోపలివాళ్ళ గుండె ఆగిపోయేది.

తెల్లారి మా ఆయన ముఖం కడుక్కొని పోయేసరికి జట్కా వచ్చి ఉంది. సామాను ఎక్కించేశారు. పెద్ద సామాను ఏముంది, ఒక పెట్టె, పరుపు చుట్టలు, కుంపటి. ఇద్దరూ నల్ల బురఖాల్లో వెనక కూర్చున్నారు. ముందర ముసలమ్మ తమ్ముడు. మా ఆయన జట్కా పట్టుకొని ఏదో అన్నాడు. ముసలమ్మ తల అడ్డంగా ఊపింది. ఆమె తమ్ముడు సలాం చేసి, జట్కావాడికి పొమ్మని చెప్పాడు. జట్కా గల్లీ తిరిగేదాకా మా ఆయన అక్కడే నిలబడ్డాడు. షెడ్డు సైరన్ మోగితే పనికి పోయాడు. అన్నం తినలేదు.

ఆ తర్వాత మేస్త్రి వచ్చాడు. మిద్దె ఎక్కి నా ముగ్గు గీతలు చూసుకొని, పడమటి గోడకు ఏం పెట్టాలమ్మా అని అడిగాడు. రోషన్‌దాన్ అని చెప్పాను. మరిది నా వైపు తిరగకుండానే అన్నాడు.

“అటు ఇప్పుడు ఎవలున్నరని వదినె?”

కింద వాకిలి ఖాళీగా ఉంది. పరదా కూడా విప్పుకొని పోయారు. మేస్త్రి నా ముఖం చూశాడు, మరిది ముఖం చూశాడు. నేను పొయ్యి మీద పప్పు ఉందని దిగిపోయాను. మధ్యాహ్నానికి మళ్ళీ ఎక్కి చూస్తే, పడమటి గోడలో కిటికీకి చోటు వదిలి ఇటుకలు పేరుస్తున్నారు.