తీర్థపు నీళ్ళలో నారిపురుగు

ముంగారు తొలకరి వానలు ఇంకా పడలేదు. కొండవైపు చేనిలో పాత మోళ్ళు ఏరుతుంటే ఎడమ చీలమండ పైన దురద మొదలైంది. ముల్లు గుచ్చుకుందేమోనని చూశాను. ముల్లు లేదు. చర్మం కింద సన్నని దారం మెలిక తిరిగినట్టు ఒక గీత కనిపించింది. వేలితో తడిమితే కొంచెం జరిగింది. నొప్పి కంటే వింతే ఎక్కువ. మధ్యాహ్నం దాకా ఆగి ఆగి దాన్నే చూసుకున్నాను.

మాది పావగడ సీమలో మంగళవాడ దగ్గర పల్లె. మూడెకరాల మెట్ట, రెండు ఎద్దులు, కొన్ని గొర్రెలు. మా ఆయన దున్నితే వెనకే చాలులో విత్తనం వేయడం, కలుపు తీయడం, ఎరువు మోయడం నా పనులు. మా మామ ఆంజనేయస్వామి గుడిలో శనివారం భజన నడిపేవాడు. మా నాయన నాకు పురాణం చదవడం నేర్పాడు కాబట్టి ఆ భజన గోష్ఠిలో చదివే పనీ, స్వామికి పోసి అందరం తాగే తీర్థపు నీళ్ళు తెచ్చే పనీ మామ నాకే అప్పగించాడు. తలస్నానం చేసి, తడిబట్టతో దిగుడుబావిలో మోకాలి లోతు దిగి బిందె ముంచాలి. ఇంట్లో తాగే నీళ్ళను చీరకొంగుతో వడగట్టేవాళ్ళం. తీర్థపు నీళ్ళను మాత్రం ఒంటికి కట్టిన గుడ్డతో వడగట్టకూడదని మా ఆచారం.

నాలుగు రోజులకు అక్కడ బొబ్బ లేచి నిప్పు పెట్టినట్టు మండింది. శనివారం బావిలోకి దిగగానే మంట చప్పున చల్లారింది. బొబ్బ పగిలి పాలలాంటిది నీళ్ళలో పొగలా కలిసిపోయింది. స్వామి దయ అనుకుని చేతులు జోడించాను. ఆ హాయి కోసం తరువాత రోజూ దిగి నిలబడ్డాను.

పుండులో నుంచి తెల్లని నూలుపోగులాంటిది తల బయటపెట్టింది. అత్త చూసి చెంపలు వేసుకుంది.

"నాగలమడిక సుబ్బరాయుడి మొక్కు మరిసినామేమో మే! పాముపిల్ల మాదిరి వస్తాండాది చూడు."

"పాము కాదత్తా, నారికురుపు. పోయినేడు మన గోష్ఠిలో గంగమ్మవ్వకు రాలేదా?"

"దాని దుడుకు నోటికి శిక్షగా వచ్చినాది. నువ్వు పురాణం చదివేదానివి, నీకెందుకొస్తాది?"

నాకూ అదే అంతుబట్టలేదు. పాపానికి వచ్చేదైతే గోష్ఠిలోవాళ్ళకే ఎందుకు ఎక్కువగా వస్తోంది?

పురుగు తలను చీపురుపుల్లకు చుట్టి, రోజుకు వేలెడు మించకుండా లాగాలని మామ చెప్పాడు. అలాగే చుట్టి, పుల్లను కాలికి కట్టుకునేదాన్ని. మూరెడు వచ్చింది. ఇంత పొడుగు జీవి నాలో ఎక్కడ చుట్టుకుని ఉందో, ఏం తిని బతికిందో అని ఆశ్చర్యపోయేదాన్ని.

అంతలో వాన పడింది. నేల పదును ఆరిపోతే విత్తనం మొలవదు. మా ఆయన కూర్చోమన్నా వినకుండా చాలు వెంట నడిచాను. రెండో చాలులోనే మోడు తగిలి పుల్ల ఊడింది. పురుగు తెగి సగం లోపలే ఉండిపోయింది. మూడో రోజుకు మోకాలిదాకా వాచి చలిజ్వరం వచ్చింది. నాగలి విప్పి, ఎద్దులను బండికి కట్టి నన్ను పావగడ ఆసుపత్రికి తీసుకుపోయారు.

డాక్టరు మైసూరు వైపు మనిషి. "గినీ వర్మ్, మీరనే నారిపురుగు. లోపల తెగి సెప్టిక్ అయింది," అన్నాడు.

"కాలు తీసేస్తారా సామీ?" అని మా ఆయన అడిగాడు.

"ఈ వారం గడవనీ. అప్పుడు చెబుతాను."

కోసి చీము తీశారు, అయోడిన్ పెట్టి డ్రెస్సింగ్ చేశారు. రెండు రోజులు తగ్గిన జ్వరం మళ్ళీ ఎక్కింది, మళ్ళీ కోశారు. వారం దాటాక డాక్టరు వేళ్ళు కదపమన్నాడు. కదిలాయి. "కాలు నీదేనమ్మా," అన్నాడు.

ఆ రోజు ధైర్యం చేసి అడిగాను: "ఇది లోపలికి ఎట్లా పోయింది సార్?"

"పోయిన వేసవిలో తాగినావు, ఈ వేసవిలో బయటికొచ్చింది." మామ నా కోసం పంపిన తీర్థపు చెంబులోని నీళ్ళను గాజుగ్లాసులో పోసి, కిటికీ ఎండకు పట్టాడు. తెల్లని చుక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. "నోడమ్మా, చూడు, ఇవి సైక్లాప్స్ అనే నీటిపురుగులు. పుండు కాలు నీళ్ళలో పెడితే పురుగు పిల్లలను వదులుతుంది. వాటిని ఇవి మింగుతాయి, వీటిని మనిషి తాగుతాడు. బొబ్బ లేచినాక బావిలో దిగినావా?"

పాలపొగ కళ్ళముందు కదిలింది. "దిగినాను సార్. స్వామికి నీళ్ళు..."

"వడగడతారా?"

"లేదు."

 నా చేతి తీర్థం తీసుకున్న ముఖాలు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. వాళ్ళకు వచ్చే వేసవిదాకా తెలియదు. చెప్పకుండా ఉండవచ్చు. కానీ అలా దాచుకుని స్వామి ముందు పురాణం ఎలా విప్పను?

కర్ర పట్టుకుని నడవగలిగిన మొదటి శనివారం గోష్ఠిలో అంతా చెప్పేశాను.

"అంటే నీ కాలి పురుగును మాకు తాపినావంటావా?" అంది గంగమ్మవ్వ.

"తాపినానవ్వా, తెలీక. ముందేడు నాకు తాపింది ఎవురో."

"ఎవురో ఏంది మే? నేనే! మంటకు ఓర్వలేక నేనూ ఆ బావిలోనే నిలబడితి. ఇచ్చింది తిరిగిచ్చినావు, పో!"

కొందరు నవ్వారు. మామ నవ్వలేదు. "గుడ్డ తగిలితే మడి యాడుంటాదమ్మా?"

"నీళ్ళు గుడ్డతో వడగట్టి తాగమని శాస్త్రంలో ఉండేదే కదా మామా. అందులోని జీవాలు చావకూడదని పెద్దలు చెప్పినారు. దాన్ని మరిసింది మనమే."

మామ భజన తాళాలు పక్కన పెట్టాడు. "ఎవురూ కట్టని కొత్త గుడ్డ తెద్దాం. రెండు మడతలు ఎయ్యండి. ఇంక బావిలోకి ఎవురూ దిగొద్దు, పై మెట్టు మీద నిలబడి చేంతాడుతో చేదుకోండి," అన్నాడు.

ఏడాదంతా, కలుపు తీస్తున్నా చెనిక్కాయలు పెరుకుతున్నా, అందరి కాళ్ళమీదే నా చూపు ఉండేది. వేసవిలో గోష్ఠిలో ముగ్గురికి బొబ్బ లేచింది. వాళ్ళలో మామ ఒకడు. ఆయన కాలి పురుగును పుల్లకు నేనే చుట్టాను. ఇరవై మూడు రోజులు, తెగకుండా పూర్తిగా వచ్చేదాకా.  ఆ మరుసటి వేసవిలో గోష్ఠిలో ఎవరికీ రాలేదు.

నా చీలమండ ఇప్పటికీ సరిగా వంగదు. కలుపు తీయడానికి చిన్న పీట వేసుకుని జరుగుతూ పోతాను. పురాణం చదువుతూనే ఉన్నాను. మీకు చెప్పేది ఒక్కటే: ఏ నీళ్ళయినా మడతపెట్టిన గుడ్డతో వడగట్టి తాగండి. అవి స్వామికి పోసిన నీళ్ళయినా సరే.