గంగమ్మ మడుగులో ఫోను

మేం చేరేసరికి మధ్యాహ్నం రెండు గంటలు. ఏప్రిల్ నెల. ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీ ఇచ్చోడ దాటి, కొండలు దిగి, గోదావరి ఒడ్డున ఇసుకలో దిగబడి ఆగింది. సామాను దించాం. చేతితో తిప్పే గాలి పంపు, రబ్బరు సూట్లు, సీసం అడుగుల బూట్లు, రాగి టోపీ, ఫోను పెట్టె. టోపీ అంటే తలమీద పెట్టుకునేది కాదు. తల మొత్తం మూసేది. ముందర గుండ్రటి అద్దం, వెనక గాలి గొట్టం, చెవి దగ్గర ఫోను తీగ. అది తొడుక్కుని నీళ్ల అడుగుకు పోయి వంతెన పునాదులు చూసి రావడం మా డ్యూటీ. పటాలం అంటే తుపాకీ ఒక్కటే అనుకుంటారు మీరు. నేను తుపాకీ పట్టింది తక్కువ, బురద పట్టింది ఎక్కువ.

వంతెన స్తంభాలు సగం లేచి ఉన్నాయి. కూలీల గుడిసెలు మాత్రం ఖాళీ. కాపలా మనిషిని అడిగాను. నాది హుజూరాబాద్ దిక్కు, సాలెల ఇల్లు. నా మాట అతనికి పరాయిగా తోచలేదు.

"పారిపోయిన్రు సార్. వంతెన నిలవాల్నంటే పిల్లగాండ్లను బలియ్యాల్నట గద. గా రాగి తలకాయలోళ్లు వచ్చి నీళ్లల్లకు గుంజుకపోతరట."

రాగి తలకాయలోళ్లం మేమే! నవ్వు రాలేదు. ఊళ్లోకి పోతే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులేసుకుంటున్నారు. మనసు చివుక్కుమంది.

మా కెప్టెన్ సాబ్ కొంకణం మనిషి. నీళ్లలో మునిగే విద్య చరిత్రంటే ఆయనకు పిచ్చి. "జనం భయం పోవాలంటే ఏదీ దాచకండి. అన్నీ తెచ్చి చూపించండి" అన్నాడు. ఒడ్డున ఒక రేకుల కొట్టం ఖాళీ చేయించాడు. ఏదో పాత గోదాములోంచి నిజాం కాలపు తోలు పట్టీలు, విరిగిన పంపు చక్రం, పగిలిన అద్దాలు తెప్పించాడు. ఊరి బెస్తవాళ్లను కూడా అడిగాడు, మీ సామాను మీరూ పెట్టండని. వాళ్లు ఈత సొరకాయ బుర్రలు, వలకు కట్టే రాళ్లు తెచ్చిచ్చారు. తెలుగు, ఉర్దూ, మరాఠీల్లో చీటీలు రాసి అంటించాం. బయట "మ్యూజియం" అని బోర్డు. ఊరు దానికి పెట్టిన పేరు తలకాయ కొట్టం.

ప్రతి ఆదివారం పొద్దున కార్యక్రమం. మా హవల్దార్ తమిళుడు, తెలుగు అరకొర. సూటు చూపించి, "ఇది రబ్బరు. ఇది సీసం. దెయ్యం లేదు" అనేవాడు. తర్వాత ఊరివాళ్ల చేత పంపు తిప్పించేవాడు. నేను ఒడ్డు పక్కనే లోతు తక్కువున్నచోట దిగేవాణ్ణి. జనం వరసకట్టి ఒక్కొక్కరే ఫోను చెవికి పెట్టుకుని నాతో మాట్లాడేవాళ్లు. ఆ వరస కోసం మూడూళ్ల జనం వచ్చేది. నెల తిరక్కుండా కూలీలు కూడా వెనక్కి వచ్చారు.

భయమైతే పోయింది గానీ, దాని జాగాలో భక్తి వచ్చి కూర్చుంది. ఓ ఆదివారం కొట్టం తెరిస్తే టోపీకి పసుపు, కుంకుమ, ముందర కోసిన కోడి! హవల్దార్ శివాలెత్తిపోయాడు. గాలి పోయే రంధ్రంలోంచి పసుపు బియ్యం పుల్లతో తీసీ తీసీ అతని ఓపిక పోయింది. ఇక నీళ్లలో నుంచి మాట వస్తే అది గంగమ్మ మాటేనని ఊరి లెక్క. పూనకంలో శివమొచ్చినామెను అడిగినట్టు నన్ను అడిగేవాళ్లు.

"తల్లీ, మా బర్రె యాడికి వోయింది?"

"నేను తల్లిని గాదవ్వా. సిపాయిని. సాలెల పిల్లగాణ్ణి."

"అట్లనే అంటవు తల్లీ, మాకెరికే!"

కెప్టెన్ సాబ్ చెవిన పడింది. గట్టిగా ఆర్డరిచ్చాడు: కంటికి కనబడిందే చెప్పాలి, ఇంకో మాట వద్దు. అప్పట్నుంచి ఇసుక, చేపలు, రాళ్లు, అంతే చెప్పేవాణ్ణి. చెప్పినదల్లా నమ్మేవాళ్లు.

లచ్చవ్వ అని ఒక బెస్తామె ప్రతి ఆదివారం వచ్చేది. వరసలో నిలబడేది కాదు. ఓ రోజు అందరూ పోయాక కొట్టం గడప దగ్గర కూర్చుంది.

"సిపాయన్నా, గంగమ్మ మడుగుల దిగుతవా?"

కథంతా చెప్పింది. ఆమె మొగుడు మల్లయ్య పడవ నడిపేవాడు. కిందటి వానకాలం చివర పడవతో సహా కనిపించకుండా పోయాడు. మడుగు దగ్గర మునిగాడని ఈమె అంటుంది. పడవ అమ్ముకుని, ఇంకొకతెను తీసుకుని చాందా బొగ్గుగనులకు పారిపోయాడని మల్లయ్య అన్న రాజలింగు ఊరంతా చెప్పాడు. తమ్ముడి వాటా ఇల్లు తనే ఉంచుకుని ఈమెను బయటికి పంపాడు. గంగమ్మ మడుగులో వల వేయరు, మనిషి దిగడు. అది ఆ ఊరి కట్టుబాటు. వెతికినవాడు లేడు.

"సచ్చిండని ఏడుస్తే తిడ్తున్నరు, బతికున్నోని మీద ఏడుస్తున్నవని. నా మొగడు దొంగ గాడు సిపాయన్నా. ఎవలనో లేపుకపోయేటోడు గాడు."

"మమ్మల్ని మాత్రం దిగనిస్తరా?"

"గంగమ్మ తలకాయ పెట్టుకున్నోళ్లకు అడ్డమేంది? పసుపు వాళ్లే పెట్టిన్రు గద!"

ఇన్ని ఆదివారాలు ఊరికే కూర్చోలేదు ఆమె.

కెప్టెన్ సాబ్ ఒప్పుకోలేదు. ప్రదర్శన వేరే, గాలింపు వేరే అన్నాడు. మళ్లీ అడిగాను. కసురుకున్నాడు. నాకూ కోపమొచ్చింది. "ప్రజల భయం పోగొట్టమన్నారు సాబ్. పిల్లల్ని బలిస్తామన్న భయం ఉత్తదే, పోగొట్టాం. ఈమెది నిజం భయం" అన్నాను. ఆయన హవల్దార్‌ని పిలిచి మడుగు లోతు కొలవమన్నాడు. నలభై అడుగులు.

ఆదివారం పొద్దున ఏడింటికి దిగాను. గాలి వీచడం లేదు. ఊరంతా ఒడ్డునే. కొత్తగా కుంకుమ పెట్టి గానీ టోపీ నాకు తొడగనివ్వలేదు. పంపు దగ్గర నలుగురు ఊరివాళ్లు. వాళ్లలో రాజలింగు ఒకడు. పని నేర్చినవాళ్లలో అతనే గట్టివాడు మరి. నా ఊపిరి అతని చేతుల్లో ఉంది. ఒక్క తిప్పు కూడా తప్పలేదు. అది చెప్పి తీరాలి.

సగం దాకా ఆకుపచ్చ వెలుతురు. ఆ కింద మసక. చలి. బండ వారకు చెయ్యి ఆనించుకుంటూ నడిచాను. చెక్క తగిలింది.

"ఏముంది?" ఫోను మనిషి అడిగాడు.

"పడవ."

పైన గోల లేచింది. పడవ పక్కకు ఒరిగి, సగం ఒండ్రుతో నిండి ఉంది. చేతులతో తవ్వాను. పడవను కట్టే గొలుసు, దాంట్లో చుట్టుకుపోయిన బట్ట, ఎముకలు. ఫోనులో గొంతు మారింది.

"అన్నా, లచ్చవ్వను. మనిషున్నడా?"

"ఉన్నడు."

"చేతికి కడెం?"

"ఉన్నది. వెండిది."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"పైకి రాకు. జర ఆగు అన్నా" అంది. తర్వాత గట్టిగా, ఫోను దూరం పెట్టి: "బావా, గా పంపు ఇంకోళ్లకియ్యి. గిట్ల రా. నువ్వు గూడ ఇను."

రాజలింగు ఫోను అందుకున్నాడు. "ఎవలు?"

"మీ తమ్ముడు. పడవలనే ఉన్నడు."

లచ్చవ్వ అంతటితో వదల్లేదు. ఫోను ఊరి పెద్దమనిషికిచ్చింది. అతనికీ చెప్పాను. పక్కింటివాళ్లకు, ఆమెను తిట్టిన ఆడవాళ్లకు, అందరికీ ఇచ్చింది. "పైకి లాగమంటావా?" అని హవల్దార్ మధ్యలో అడిగాడు. వద్దన్నాను. చివరికి ఒక ముసలి గొంతు వచ్చింది, మల్లయ్య తల్లి.

"బిడ్డా, మా మల్లిగాడు యాడికి పోలేదా?"

"పోలేదవ్వా. ఈడనే ఉన్నడు."

తాడు వేయించి అన్నీ పైకి చేర్చాం. లచ్చవ్వ అప్పుడు ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను మళ్లీ వినలేదు. కర్మకు రాజలింగు తలొంచుకుని ముందు నడిచాడు. కర్మ అయ్యాక ముసలామె కోడలి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తోలుకపోయింది.

వానలు పడ్డాక మకాం ఎత్తేశాం. కరీంనగర్‌లో లారీ దిగి, బస్సెక్కి ఇంటికి చేరాను. మా బాపు మగ్గం మీదే ఉన్నాడు. చుట్టుపక్కలవాళ్లు వచ్చి కూర్చుని, లడాయిలో ఎంతమందిని చంపావని అడిగారు. ఇప్పటికీ అడుగుతారు. ఏం చెప్పను? నా కళ్లముందు నిలిచేది ఒక్కటే. మడుగు అడుగున మోకాళ్ల మీద కూర్చుని, మల్లయ్య కడెం చేతిని నా చేతిలో పట్టుకుని, వాళ్ల ఊళ్లో ఒక్కొక్కరికీ అతన్ని అప్పజెబుతున్నాను.