ఫైలింగ్‌కి రెండు క్రెడిట్లు

ఆనందపురం దాటాక ఉండేది మా కాలేజీ. నేను మెకానికల్ రెండో ఏడాది పూర్తి చేసిన వేసవిలో, పిల్లలు చేరడం లేదని ఆ బ్రాంచే ఎత్తేశారు. మమ్మల్ని సిటీలో ఇంకో కాలేజీకి బదిలీ చేశారు. క్రెడిట్లన్నీ వెంట వస్తాయన్నారు. ఫోన్లో చూసుకుంటే నిజంగానే అన్నీ కనిపించేవి, చదివిన ప్రతి సబ్జెక్టుకీ ఎదురుగా ఒక అంకె. ఆ అంకెల్ని నమ్మిన వెర్రిదాన్ని నేను.

అవి చెల్లుతాయో లేదో తేల్చడానికి కొత్త కాలేజీలో ఒక కమిటీ ఉంది. ముగ్గురు ప్రొఫెసర్లు, ముగ్గురూ డాక్టరేట్లే. ఒకరిది మేనేజ్‌మెంటు, ఒకరిది కంప్యూటర్లు, ఒకరిది ఇంగ్లీషు. మెకానికల్ ఆయన సెలవులో ఉన్నారట. ఆయన వచ్చేదాకా ఆగితే ఏం కొంప మునిగేదో నాకు తెలీదు. సమోసాలు మాత్రం వేళకి లోపలికి వెళ్ళాయి, వరండాలో కూర్చుని చూశాను.

మర్నాడు నా చేతిలో పెట్టిన కాగితంలో రెండు క్రెడిట్లు కొట్టేసి ఉన్నాయి. మూడో ఏడాదిలో కూర్చోవడానికి సరిగ్గా ఆ రెండే తక్కువ పడ్డాయి. పోయిన సబ్జెక్టు 'బెంచ్ వర్క్ అండ్ ఫైలింగ్'. పక్కనే కారణం కూడా రాశారు: ఆఫీసు నిర్వహణకు సంబంధించినది, ఇంజనీరింగ్ సబ్జెక్టు కాదు.

ఫైలింగ్ అంటే ఆకురాయితో ఇనుము అరగదీయడం. ముక్కని వైస్‌లో బిగించి, భుజాలు పడిపోయేదాకా రుద్ది, మూలమట్టం ఆనించి చూస్తే సందులోంచి వెలుతురు కనబడకూడదు. ఆ మహానుభావులు దాన్ని బల్ల ముందు కూర్చుని కాగితాలకి చిల్లులు పొడిచి ట్యాగు కట్టడం అనుకున్నారు. పాపం, వాళ్ళకి తెలిసిన పని అదొక్కటే. ఉక్కు కరిగించే ఊళ్ళో జీతాలు తీసుకుంటూ ఆకురాయి పేరు వినని ముగ్గుర్ని ఏరి ఒక గదిలో కూర్చోబెట్టడం కూడా ఒక ప్రతిభే.

మా నాన్న కంచరపాలెంలో ఒక షెడ్డులో ఫిట్టర్. కాగితం చదివి వినిపిస్తే ముందు నవ్వాడు.

"ఏటీ, ఫైలింగంటే కాయితాలు సర్దడమా?"

ఏడాది పోతుందని చెప్పాక నవ్వు ఆగిపోయింది. మర్నాడు పని మానుకుని, ఒక ఆకురాయీ, నేను పాత కాలేజీలో చేసిన ఇనపముక్కా తువ్వాల్లో చుట్టుకుని నాతో వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ తువ్వాలు విప్పించి, ఇలాంటివి లోపలికి తీసుకెళ్ళకూడదన్నాడు. చాలాసేపు బతిమాలితే వదిలాడు.

కమిటీకి పెద్ద ఆ మేనేజ్‌మెంటు ప్రొఫెసరే. నాన్న ఆయన బల్ల మీద రెండూ పెట్టాడు.

"బాబూ, ఫైలంటే ఇదండి. నాను ముప్పయ్యేళ్ళుగా ఇదే పని సేత్తన్నాను. ఇది మా పాప సేసిన ముక్క, సూడండి."

ఆయన ముక్కని ముట్టుకోలేదు. బల్ల అద్దం మీద గీత పడుతుందని ఆకురాయి కింద ఒక అట్ట పెట్టించాడు.

"ఓహో, అదా! పొరపాటే జరిగిందండీ. కానీ మినిట్స్ మీద సంతకాలైపోయాయి, యూనివర్సిటీకి వెళ్ళిపోయాయి. మళ్ళీ కమిటీ కూర్చునేది వచ్చే ఏడాదే." నా వైపు తిరిగి, "ఒక్క ఏడాదే కదమ్మా, ఇట్టే గడిచిపోతుంది" అన్నాడు.

నేను నోరు విప్పబోతే నాన్న నా చెయ్యి గట్టిగా నొక్కాడు.

"పెద్దోరు మీరు, తప్పని ఒప్పుకున్నారు. అదే సాలు బాబూ" అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆయన అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు.

ఆ ఏడాదంతా వర్క్‌షాపులో జూనియర్ల పక్కన నిలబడి అలాంటి ముక్కే మళ్ళీ అరగదీశాను. ఆ ముగ్గురి మీద కోపం కూడా లేదు నాకు, కోప్పడేపాటి మనుషులు కారు వాళ్ళు. పోయిన ఏడాదిని ఎలాగో మరిచిపోయాను. మా నాన్న చేత అలాంటివాడికి దండం పెట్టించానన్నది మాత్రం ఇవాళ్టికీ మింగుడుపడదు.