మూడో బంతి జారిన రోజు

నిన్న సాయంత్రం పుంగ్గోల్‌లో మా ఫ్లాట్ ఎదుటి మైదానంలో ఎవరో బేస్‌బాల్ ఆడుతున్నారు. బ్యాట్‌కు బంతి తగిలిన చప్పుడు పదో అంతస్తు దాకా ఠప్పున వినిపించింది. టీ కప్పు వదిలేసి కిటికీ దగ్గరికి పరుగెత్తాను. సింహాద్రి బాబాయ్ గుర్తొస్తే నాకు ఇప్పటికీ కూర్చోబుద్ధి కాదు.

ఆయనది శ్రీకాకుళం వైపు పల్లె. వర్క్ పర్మిట్ మీద ఈ దేశం వచ్చి, ఇక్కడ షిప్‌యార్డులో వెల్డరుగా పనిచేసేవారు. నేను పరిశోధన చేస్తూ బూన్ లే అనే పేటలో అద్దెకున్న రోజుల్లో, ప్రతి ఆదివారం లైబ్రరీలో నా ఎదుటి కుర్చీ ఆయనదే. ముందు మూడు పుస్తకాలుండేవి: పాత రాజ్యాల చరిత్ర ఒకటి, ప్రభుత్వాలు ఎలా నడుస్తాయో చెప్పేది ఒకటి, మూడోది బేస్‌బాల్ నియమాలది. నిఘంటువు పక్కన పెట్టుకుని పెదవులు కదుపుతూ చదివేవారు. నేనేమో థీసిస్‌కు అక్కరలేని పేజీ ఒక్కటి తిప్పేదాన్ని కాదు.

"ఏ పరీక్షకు, బాబాయ్?" అని అడిగానొకసారి.

"పరీక్షేటమ్మా, ఊరికినే. రాజు పోయాక సట్టం ఎలాగొచ్చిందో, ఆటకి సట్టం ఎవులు రాసారో తెలుసుకోవద్దేటి?"

"ఎందుకు పనికొస్తుంది?"

"అది ముందే తెలిసిపోతే సదువు కాదు తల్లీ, సరుకుల చీటీ."

అన్ని నియమాలు చదివిన మనిషి ఆ ఆటను కళ్లారా చూడనేలేదని తెలిసి, ఒక ఆదివారం విద్యార్థుల మ్యాచ్‌కు తీసుకెళ్లాను. ఆట చివరికొచ్చింది. స్కోరు సమానం. బ్యాటింగు జట్టులో అప్పటికే ఇద్దరు అవుట్, ఇంకొకరు అయితే వాళ్ల వంతు ముగుస్తుంది. మూడో బేస్ మీద ఒకడు ఇంటి ముఖం పట్టడానికి సిద్ధంగా ఉన్నాడు; ‘ఇల్లు’ అనే ఆఖరి బేస్ చేరితే ఒక పరుగు. మూడు బంతులు కొట్టలేకపోతే బ్యాటరు అవుట్; ఇతను మూడోదాన్ని కూడా కొట్టలేకపోయాడు. అవుటయ్యాననుకుని తల దించుకుని నడవసాగాడు. కానీ ఆ బంతి క్యాచరు చేతిలోంచి జారి కంచె దాకా దొర్లిపోయింది.

బాబాయ్ బెంచీ ఎక్కేశారు. "రన్! రన్! నువ్వింకా అవుట్ కాలేదు బాబూ, పరిగెట్టు!"

అందరూ తిరిగి చూశారు. నేను సిగ్గుతో ఆయన చొక్కా పట్టి లాగాను. మూడో బంతిని క్యాచరు పట్టలేకపోతే, అది మొదటి బేస్‌కు చేరేలోగా బ్యాటరు అక్కడికి పరుగెత్తి బతికిపోవచ్చన్న నియమం నాకప్పుడు తెలియదు. బ్యాటరు ఒక్క క్షణం తెల్లబోయి, అంతలోనే పిక్కబలం చూపించాడు. బంతి కన్నా అరక్షణం ముందు అతని కాలు మొదటి బేస్ మీద పడింది. అంపైరు రెండు చేతులూ చాపాడు, అవుట్ కాదని! మూడో బేస్‌వాడు అప్పటికే ఇల్లు చేరాడు. గెలిచారు! నేనెప్పుడు బెంచీ ఎక్కానో నాకే తెలియదు.

కోచ్ పరుగున వచ్చాడు. "అంకుల్, యూ ప్లే బిఫోర్ ఆ?"

"నో సర్. రీడింగ్ ఓన్లీ."

"మై ప్లేయర్స్ నెవర్ రీడ్, లా!" అని పగలబడి నవ్వాడు.

తిరిగొస్తూ, "అంతమందిలో అరిచారే, తప్పయ్యుంటే?" అన్నాను.

"నవ్వుదురు. నవ్వితే ఏటవుద్ది? తెలిసీ నోరు మూసుకుంటే ఆ కుర్రోడు నిజంగా అవుటైపోయేవోడు కదా."

ఆ మాట ఆయన నా గురించే అన్నట్టు తగిలింది. సెమినార్లలో తెలిసిన జవాబు కూడా నా గొంతు దాటేది కాదు. ఆ వారమే సెమినార్లో ఒక పెద్ద ప్రొఫెసర్ చెప్పిన ముగింపు నా ప్రయోగ ఫలితానికి విరుద్ధంగా ఉంది. లేచి నిలబడ్డాను. నాకొచ్చిన ఫలితం చెప్పాను. ఆ ప్రొఫెసర్ కుర్చీ ముందుకు జరుపుకుని, "చెప్పు, ఇంకా చెప్పు" అన్నారు.

పర్మిట్ ముగిసి బాబాయ్ తమ పల్లెకు వెళ్లిపోయారు. ఇప్పుడు గ్రామసభల్లో ప్రశ్నలడిగి సర్పంచికి చెమటలు పట్టిస్తున్నారట. నాకైతే సభలో మాట్లాడే ముందు ఈనాటికీ గుండె దడదడలాడుతుంది. అయినా చెయ్యి పైకి లేస్తుంది.